నేను నింపని గడి

ఎడారిలో బండ్లు తిరిగే దారుల్ని చూసి, వాటి గురించి ఫారాలు నింపే ఉద్యోగం ఒకటుందంటే మావాళ్ళెవరూ నమ్మలేదు. "ఇసకలో దారేంటే, దాన్ని నువ్వు చూసేదేంటే?" అని ఆష్‌బర్న్‌లో ఉండే స్నేహితురాలు ఫోన్లో పడీపడీ నవ్వింది. నవ్వదూ మరి! ఆరేళ్ళు దాని పక్క క్యూబికల్‌లో కూచుని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసినదాన్ని. తర్వాత మా ఆయన ఉద్యోగం కాలిఫోర్నియాకి మారింది, నా ఉద్యోగం ఊడింది. కొన్నాళ్ళు ఇంట్లో గోళ్ళు గిల్లుకున్నాను. చివరికి మ్యాపులు తయారుచేసే కోర్సు ఒకటి చేసి, యాభైకి దగ్గరపడుతూ, బూట్లు తొడుక్కుని ఎండలో పడ్డాను.

పని ఇది. ఇక్కడ మైళ్ళకొద్దీ ఎడారి ప్రభుత్వానిది, అంటే అందరిదీ. అందరిదీ అనేసరికి ఎవడి జీపు ఎటు తిరిగితే అటే దారి. డర్ట్ బైకులవాళ్ళు, వేటగాళ్ళు, రంగురాళ్ళు ఏరుకునేవాళ్ళు, ఊరికే దుమ్ము లేపడానికి వచ్చేవాళ్ళు, అందరూ కలిసి దశాబ్దాలుగా తొక్కీ తొక్కీ ఆ నేలనిండా గీతలే. ఆకాశం నుంచి తీసిన ఫోటోల్లో ఆ గీతలన్నిటికీ ఆఫీసువాళ్ళు నంబర్లు వేస్తారు. మాలాంటి కాంట్రాక్టు మనుషులం ఒక్కో నంబరు మీదా మొదలునుంచి చివరిదాకా వెళ్ళి, టాబ్లెట్‌లో ఫారం నింపుతాం. వెడల్పెంత, ఎక్కడికి పోతుంది, టైర్ల గుర్తులున్నాయా, దారి పక్కన ఏ మొక్కలు, ఏ జంతువులు. దాన్ని బట్టి పైవాళ్ళు ఆ దారిని తెరిచి ఉంచుతారు, లేదా మూసేస్తారు. కొత్త మ్యాపు వచ్చాక అందులో లేని దారి కూడా మూసిన దారి కిందే లెక్క, బండి కనిపిస్తే జరిమానా. నిర్ణయం మాది కాదు. కానీ వాళ్ళు నిర్ణయించేది మేం రాసినదాన్ని చూసే.

నాకు పని నేర్పింది మా టీం లీడ్. అరవై దాటిన అమెరికన్ మనిషి, ఎండకి చర్మం అట్టకట్టుకుపోయింది, నోరు మాత్రం మహా పదును. మొదటిరోజే చెప్పింది: "చూసింది రాయి. నువ్వు రాయకపోతే అది లేనట్టే." నాకది కొత్తకాదు. టెస్టింగ్‌లోనూ అంతే, రిపోర్టు చెయ్యని తప్పు తప్పే కాదు. ఈ ఎడారిలో మెట్ట తాబేళ్ళుంటాయి. ఏటికేడాది తగ్గిపోతున్నాయి, చట్టం వాటిని కాపాడుతుంది. ఫారంలో వాటికోసం ప్రత్యేకంగా ఒక గడి ఉంది: బొరియ కనిపించిందా, తాబేలు కనిపించిందా, ఎన్ని. ఆ గడిలో అంకె పడిందంటే ఆ దారికి నూకలు చెల్లినట్టే.

ఇక మా ఆయన సంగతి. ఆయనకి తాబేళ్ళ పిచ్చి నా ఉద్యోగం వల్ల పట్టింది కాదు, అంతకు చాలా ముందే పట్టింది. కాలిఫోర్నియా వచ్చిన కొత్తలో ఒక పాత జీపు కొన్నాడు. శని ఆదివారాలు మిగతా తెలుగువాళ్ళందరూ గుడికో, పుట్టినరోజు పార్టీలకో పోతుంటే ఈయన నన్ను ఎక్కించుకుని ఎడారికి పోయేవాడు. అలా తిరుగుతుండగా పెద్ద మట్టిరోడ్డు మీంచి ఒక సన్నదారి దొరికింది. మైలున్నర లోపలికి పోతే ఎండిపోయిన వాగు గట్టుమీద ఆగిపోతుంది. గట్టులో ఒక బొరియ, అందులో ఒక తాబేలు.

దానికి ఈయన పెట్టిన పేరు 'పెద్దాయన'. పిలుపే కాదు, మర్యాద కూడా! "పెద్దాయన లేచారా? పెద్దాయన భోంచేశారా?" అని. మా నాన్నని ఏనాడూ నోరారా మామగారూ అని పిలవని మనిషి. నేను ఏడిపించేదాన్ని. "కాదే, ఆయన వయసు నా వయసుకన్నా ఎక్కువుండొచ్చు" అనేవాడు గంభీరంగా. డిప్ప మీద కుడివైపు ఒక పెచ్చు ఊడిన గుర్తుంది, అందుకే ఏటా అదే అని తెలిసేది. చలికాలమంతా లోపల పడుకుని మార్చిలో పూలు పూసే వేళకి బయటికొస్తుంది. ముందు మట్టి కొట్టుకున్న ముక్కు, తర్వాత ముడతల మెడ, ఆ తర్వాత తీరిగ్గా మిగతాది. పసుపుపచ్చ పూలు పరపరా కొరుక్కు తింటుంది. ఈయన పదడుగుల దూరంలో మడతకుర్చీ వేసుకుని, ఫ్లాస్కులో కాఫీ తాగుతూ చూసేవాడు. తొమ్మిది వసంతాలు చూశాడు. ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. భయపడితే అది ఒంట్లో దాచుకున్న నీళ్ళన్నీ వదిలేస్తుందట, మళ్ళీ వానొచ్చేలోపు దాహంతో చచ్చిపోవచ్చట. బండి నీడలో పడుకుంటుందేమోనని, బయల్దేరేముందు నేలమీద బోర్లా పడుకుని జీపు కింద చూసేవాడు.

ఇంకో చాదస్తం ఉంది. తిరిగొచ్చేటప్పుడు మట్టిరోడ్డు దగ్గర జీపు ఆపి, వెనక్కి నడిచి, మా టైర్ల గుర్తులన్నీ చీపురుతో ఊడ్చేసేవాడు. ఇండియన్ స్టోర్లో కొన్న కొబ్బరీనెల చీపురు. రోడ్డుమీంచి చూసినవాడికి అక్కడొక దారుందని తెలియకూడదని. ఇంట్లో చీపురుపుల్ల కదపని మహానుభావుడు ఎడారిని ఊడుస్తుంటే నేను జీపులో కూచుని పగలబడి నవ్వేదాన్ని. "నవ్వు, నవ్వు. ఒక్కడు వచ్చాడంటే వాడి వెనక వందమంది వస్తారు" అనేవాడు.

తర్వాత ఆయనకి జబ్బు చేసింది. కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడిపోయే జబ్బు. మందు లేదు. మొదట కుడికాలు, తర్వాత ఎడమకాలు, తర్వాత చేతులు. డాక్టరు గుండ్రంగా తిప్పి తిప్పి చెప్పిందాని సారాంశం ఏమిటంటే, మహా అయితే ఇంకో రెండేళ్ళు. మర్నాడు పొద్దున్నే ఆయన అడిగింది ఒక్కటే. "మార్చిలో పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తావా?" తీసుకెళ్ళాను. జీపు నేను నడిపాను. బొరియ పక్కనే ఆపితే తాబేలు కిటికీలోంచి కనిపించింది. జీపు కింద చూడ్డానికి నేను బోర్లా పడుకున్నాను, ఊడ్చింది కూడా నేనే. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి "అక్కడ వదిలేశావ్, ఇంకాస్త ఇటు" అని అజమాయిషీ.

జబ్బు సంగతి మేం ఎవరికీ చెప్పలేదు. ఈ దాచుకోవడం మనవాళ్ళ జబ్బు, దీనికీ మందు లేదు. తెలుగు స్నేహితులకి తెలిస్తే జాలి చూపులు, ఆఫీసులో తెలిస్తే సానుభూతి కార్డులు. "కాస్త నడుంనొప్పి" అని అందరికీ ఒకటే అబద్ధం. ఒక్క కూతురికి తెలుసు. అది అరోరాలో ఉద్యోగం చేస్తుంది, పుట్టింది ఇక్కడే.

ఆ ఎండాకాలం పోయాక కొత్త సర్వే లిస్టు వచ్చింది. నా వాటాలో పన్నెండు నంబర్లు. మ్యాపు తెరిచి చూశాను. ఎంత ఊడ్చినా ఆకాశానికి ఏం దాగుతుంది! మా దారి గీత ఫోటోలో కనిపించి, దానికీ నంబరు పడింది.

కూతురికి ఫోన్ చేశాను. "అమ్మా, సింపుల్," అంది అది, తన వచ్చీరాని తెలుగులో. "నువ్వు నీ లీడ్‌కి చెప్పు. డాడీకి డిసేబిలిటీ ఉంది, కార్‌లో మాత్రమే వెళ్ళగలడు, అని. రోడ్ క్లోజ్ చేసినా స్పెషల్ పర్మిట్ అడగొచ్చు. జస్ట్ ఆస్క్, అమ్మా!"

"ఊరంతా టాంటాం వెయ్యమంటావా?" అని కసిరాను. "ఒక తాబేలుని చూడ్డానికి మా ఆయనకి పర్మిట్ ఇవ్వండి అని దేబిరించాలా? నవ్విపోతారు."

"ఎవరూ నవ్వరు," అంది. ఫోన్ పెట్టేశాను. అడిగితే పోయేదేముంది అని దానికి పుట్టుకతోనే తెలుసు. నాకు ఈ దేశంలో పాతికేళ్ళున్నా తెలీలేదు.

మర్నాడు ఆ దారికి వెళ్ళాను. లీడ్ పక్క గుట్ట అవతల ఇంకో నంబరు చూస్తోంది, నేనొక్కదాన్నే. గట్టుదాకా వెళ్ళి ఆగాను. బొరియ ముందు కొత్తగా తోడిన మట్టి, పెద్దాయన లోపలున్నాడు. టాబ్లెట్‌లో గడి తెరుచుకుని ఉంది. అంకె వేస్తే దారి మూసేస్తారు. మూసేస్తే మైలున్నర ఇసకలో మా ఆయన చక్రాల కుర్చీ కదలదు. ఆయనకి మిగిలింది ఒక మార్చి, మహా అయితే రెండు.

ఆ గడి ఖాళీగా వదిలేసి కింది గడికి వెళ్ళిపోయాను. దారి చివర ఫోటో తియ్యాలి కదా, గట్టుకి వీపు పెట్టి వాగువైపు తిరిగి తీశాను. సిగ్నల్ దొరగ్గానే ఫారం దానంతటదే వెళ్ళిపోయింది.

అప్పుడు నాకు తప్పు చేశాననిపించలేదు. ఉన్నమాట చెప్తున్నాను. గెలిచాననిపించింది. ఇంటికెళ్ళి ఆయనకి ఇష్టమని గుత్తొంకాయ వండాను. ముద్దలు కలిపి పెడుతుంటే "ఏంటీ ఇవాళ విశేషం?" అన్నాడు. "ఏం లేదు, మీకు వండబుద్ధయింది" అన్నాను. వారం తర్వాత లీడ్ నా ఫారాలన్నీ చూసి చాలా నీట్‌గా ఉన్నాయని మెచ్చుకుంది. దొంగకి తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా కూచున్నాను.

చలికాలంలో నిర్ణయాలు వచ్చాయి. మా దారి తెరిచే ఉంటుంది. ఆయనకి చెప్తే మొహం వెలిగిపోయింది, వెంటనే అనుమానం. "బొరియ ఉంది కదే, ఎలా ఉంచారు?" "ఏమో, పైవాళ్ళ లెక్కలు వాళ్ళవి" అన్నాను. ఆయన ఇంకేదో అడగబోయి దగ్గొచ్చి ఆపేశాడు. మాట కూడా అప్పటికే ముద్దగా తయారైంది.

నేను ఆలోచించనిది ఒక్కటే. పని నాది, మ్యాపులు చేసేది నేను, అయినా ఆలోచించలేదు. తెరిచి ఉంచిన దారులన్నీ కొత్త మ్యాపులో ఎక్కుతాయి. ఆ మ్యాపు ఎవరైనా ఫోన్లోకి దించుకోవచ్చు. మట్టిరోడ్డు పక్కన ప్రతి దారికీ నంబరుతో ఒక గుంజ పాతుతారు. తొమ్మిదేళ్ళు చీపురుతో మేం దాచింది, నేను నా చేతులతో నంబరు గుంజ పాతించి ఊరందరికీ చూపించాను.

మార్చి రెండోవారంలో వెళ్ళాం. వానలు బాగా పడ్డాయి, ఎక్కడ చూసినా పూలు. ఆయన్ని జీపులోకి ఎక్కించడానికి నాకూ, సాయానికొచ్చే నర్సుకీ ముప్పావుగంట పట్టింది. తల పడిపోకుండా మెడకి పట్టీ. కళ్ళు మాత్రం పెళ్ళికొడుకు కళ్ళు. దారిపొడుగునా అడుగుతూనే ఉన్నాడు. "పెద్దాయన లేచి ఉంటారంటావా?"

మలుపు దగ్గర గుంజ ఉంది. గుంజ పక్కనుంచి లోపలికి ఒకటి కాదు, రెండు కాదు, లెక్కలేనన్ని టైర్ల గుర్తులు. ఎవరో వారాంతంలో గుంపుగా వచ్చారు. ఆయన మాట్లాడ్డం ఆపేశాడు. ఆ మైలున్నరా నాకు తెలిసిన దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టుకుంటూ నడిపాను.

గట్టు మీద బండ్లు తిప్పుకున్నారు. ఒక మూల కూలిపోయింది. బొరియ నోటికి నాలుగడుగుల దూరంలో, పూల మధ్య, పెద్దాయన. డిప్ప రెండుగా పగిలి ఉంది. చీమలు పట్టాయి. ఎవరూ కావాలని చేసినట్టు లేదు. వెనక్కి తిప్పుకుంటున్నప్పుడు చూసుకోలేదు, అంతే. వాళ్ళకి అక్కడ తాబేలుందని ఎవరు చెప్పారు గనక? చెప్పాల్సినదాన్ని నేను.

ఆయన కిటికీ అటువైపు ఉంది. నేను జీపు దిగి, గబగబా అటు వెళ్ళి, కిటికీకి అడ్డంగా నిలబడ్డాను. "ఇంకా లేవలేదండీ, లోపలే ఉన్నట్టుంది" అన్నాను.

"తప్పుకో" అన్నాడు.

"ఎండ ఎక్కువగా ఉంది, పోదామా?"

"తప్పుకోవే."

తప్పుకున్నాను. ఆయన చాలాసేపు చూశాడు. కుడివైపు పెచ్చు ఊడిన గుర్తు అక్కడికే కనిపిస్తోంది. నేను ఆయన మొహంలోకి చూడలేక నేలమీదికి చూస్తూ నిలబడ్డాను.

"ఫారంలో ఏం రాశావు?" అన్నాడు.

బూటుకాలితో ఒక టైరు గుర్తుని చెరపసాగాను.

"నిన్నే. ఆ గడిలో ఏం రాశావు?"

"ఖాళీగా వదిలేశాను."

"చూసి కూడా?"

"ఊఁ."

"నా కోసమా?"

అప్పుడు ఏడుపొచ్చేసింది. తలూపాను. ఆయన కళ్ళల్లోంచి కూడా నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు లేవవు. నేను చీర కొంగుకి అలవాటైనదాన్ని, చొక్కా అంచే లాగి తుడవబోయాను. ఒంట్లో ఇంకా ఆయన మాట వినేది మెడ ఒక్కటే, అదీ సగమే. ఆ పట్టీలోనే, ఎంత నొప్పెట్టిందో ఏమో, మొహం అటు తిప్పేసుకున్నాడు. ముప్పై ఏళ్ళ కాపరంలో ఆయన నా చెయ్యి తప్పించుకోవడం అదే మొదటిసారి.

ఆ సోమవారం లీడ్ దగ్గరికెళ్ళి మొత్తం చెప్పాను. గడి సంగతి, ఫోటో సంగతి, ఆయన జబ్బు సంగతి. ఉద్యోగం పోతుందని తెలిసే చెప్పాను, పోయింది కూడా. ఆవిడ కోప్పడలేదు, కోప్పడి ఉంటే బాగుండేది. "నన్ను అడగలేకపోయావా?" అంది. "దారి మూసినా అతనికి అనుమతి రాయించేదాన్ని. తాబేలు అడ్డొస్తుందేమో చూస్తూ నీ జీపు ముందు నేను నడుచుకుంటూ వచ్చేదాన్ని కదా." ఆ మాటకి ఆ కుర్చీలోనే కూలబడి ఏడ్చాను. ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియకూడదని దాచుకున్నదంతా ఆ పరాయి మనిషి ముందు ఏడ్చాను. నెలలోపే ఆ దారి మూసేశారు. గుంజ పీకేసి, దారి మొదట్లో ఎండిన కొమ్మలు నిలువుగా పాతి, అసలక్కడ దారే లేనట్టు చేశారు.

మా ఆయన ఆ తర్వాత పది నెలలున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నా చేత్తోనే తిన్నాడు, నా జోకులకి నవ్వాడు, కూతురు వచ్చినప్పుడు దానితో కళ్ళతోనే పోట్లాడాడు. బయటివాళ్ళు చూస్తే అంతా మామూలే. ఎడారి మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

చివరి జనవరిలో ఒకరోజు నేనే ఉండబట్టలేక ఎత్తాను. లీడ్ ఫోన్ చేసి, పక్క లోయలో తాబేళ్ళుండే చోటు ఇంకొకటుందనీ, అనుమతి తను చూసుకుంటాననీ చెప్పింది. మార్చిలో ఆయన్ని తీసుకురమ్మంది. ఆయన మంచం పక్కన కూచుని, ఆశగా, ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. అప్పటికి మాటలు పోయాయి, కంటిచూపుతో తెరమీద అక్షరాలు ఎంచుకునే యంత్రం ఒకటుండేది. ఒక్కో అక్షరమే పడుతుంది. నేను వెళ్దామా అని అడిగి ఎదురుచూస్తూ కూచున్నాను.

'వద్దు' అని పడింది. ఆయన కళ్ళు ఇంకా తెరమీదే ఉన్నాయి, ఇంకా ఏదో రాస్తున్నాడని ఆగాను.

'మళ్ళీ నాకోసం ఏం చేస్తావో అని భయం.'